అట్టపెట్టె మీద 1200, ఫోనులో 40

ప్రశ్న: మా ఇంట్లో 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. ‘ఏసీ1200’ అని రాసి ఉన్న వై-ఫై 5 రౌటర్ కొన్నాం. వెనుక గదిలో ఫోనుతో పరీక్షిస్తే వేగం 40 దాటడం లేదు. వై-ఫై 6 రౌటర్ కొంటే ఈ ఇబ్బంది తీరుతుందా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తీరకపోవచ్చు. పెట్టె మీది 1200 అనేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు (రేడియో తరంగాల పట్టీ)లోని 300 ఎంబీపీఎస్‌ను, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులోని 867ను కూడి, పైకి సవరించి వేసిన అంకె. మీ ఫోను ఒకసారికి ఒక్క బ్యాండునే వాడుకుంటుంది కాబట్టి ఇలా కూడి చూపడం కొనేవారికి అన్యాయమని నా అభిప్రాయం. పైగా వై-ఫైలో ఒకే చానెల్ (బ్యాండులోని ఒక భాగం) మీది పరికరాలన్నీ వంతుల వారీగా మాట్లాడాలి. చానెల్ ఖాళీగా ఉందో లేదో ముందు విని, డేటా పంపాక అది అందినట్టు జవాబు వచ్చేదాకా ఆగాలి కనుక, రౌటర్ పక్కనే కూర్చున్నా చెప్పిన రేటులో సగమో, అంతకు కొంచెం ఎక్కువో దక్కుతుంది. 1999 నాటి 802.11బి అనే వై-ఫై ప్రమాణం 11 ఎంబీపీఎస్ అని చెప్పుకున్నా, వాడుకలో 5, 6కు మించి ఇవ్వలేదు.

రెండు యాంటెనాల ఫోనులో, 80 మెగాహెర్ట్జ్ చానెల్ మీద, వై-ఫై 5 ఇచ్చే 867 రేటు వై-ఫై 6లో 1201 అవుతుంది. ఇందులో కొంత భాగం ఒక్కో సంకేతంలో 8 బిట్లకు బదులు 10 బిట్లు పంపడం వల్ల వస్తుంది. సిగ్నల్ చాలా స్పష్టంగా ఉన్నచోట, అంటే రౌటర్‌కు దగ్గరలోనే అది సాధ్యం. గోడల అవతలి గదికి ఆ లాభం చేరదు. వై-ఫై 6 అసలు బలం చానెల్‌ను చిన్న ముక్కలు చేసి ఒకేసారి పలు పరికరాలకు పంచడంలో ఉంది. కాబట్టి హాస్టళ్లకు, ఆఫీసులకు అది కొనదగినదే.

మీరు ముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపి వేగం చూడండి. అక్కడ 90 దాటితే లైనులో లోపం లేదు. తరువాత ఫోనును 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకు మార్చి, రౌటర్ దగ్గర ఒకసారి, వెనుక గదిలో ఒకసారి పరీక్షించండి. వెనుక గదిలో ఫోను 2.4 బ్యాండుకు జారిపోయి ఉంటే 40 రావడంలో వింత లేదు. ఆ బ్యాండులో ఒకదానిపై ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 అనే మూడే, వాటిని ఇరుగుపొరుగు రౌటర్లతో పంచుకోవాలి. రౌటర్‌ను ఇంటి మధ్యకు జరపండి. అప్పటికీ చాలకపోతే వెనుక గదికి కేబుల్ లాగి అక్కడ మరో యాక్సెస్ పాయింట్ (కేబుల్ నుంచి వై-ఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) పెట్టించండి. ముందు ముందు 100కు మించిన ప్లాన్ తీసుకునేటట్టయితే మాత్రం రౌటర్ పోర్టులు (కేబుల్ గుచ్చే చోట్లు) గిగాబిట్‌వేనా, అంటే 1000 ఎంబీపీఎస్‌వేనా అని చూడండి. ఏసీ1200 రకంలో 100 ఎంబీపీఎస్ పోర్టులవీ ఉన్నాయి, వై-ఫై ఎంత మంచిదైనా వేగం వాటి దగ్గరే ఆగిపోతుంది.