గర్భసంచి తీస్తామంటే ముందు అండాశయాల సంగతి అడగండి

36 ఏళ్లకే గర్భసంచి తీసేయాలన్నారు, తర్వాత ఒళ్లు చేస్తుందా, నడుం పనికి రాకుండా పోతుందా అని అడిగారు కదా. నాకు 42లో తీశారండీ. గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు (క్యాన్సర్ కానివి), ఆగని బ్లీడింగ్, హిమోగ్లోబిన్ ఏడుకి పడిపోయి మెట్లెక్కితే ఆయాసం. మందులన్నీ అయ్యాకే ఆపరేషన్, అండాశయాలు మాత్రం ఉంచారు. నిజం చెప్పాలంటే నా ప్రాణం లేచొచ్చింది. రక్తం పట్టింది, ఓపిక వచ్చింది, భార్యాభర్తల మధ్య కూడా ఏ ఇబ్బందీ లేదు, పైగా నొప్పి భయం పోయింది.

మా పిన్ని సంగతి వేరు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే క్యాన్సర్ అవుతుందని బెదరగొట్టి, 31 ఏళ్లకే గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారు, ఆ రెండో సంగతి డిశ్చార్జ్ కాగితం ఇంకో డాక్టరమ్మ చదివితే గానీ మాకు తెలియలేదు! అప్పటికే ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, ఊరికే ఏడుపు, ఇంట్లోవాళ్లేమో నరాల బలహీనత అనుకున్నారు. అండాశయాలు పోతే వాటి నుంచి వచ్చే ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పూ పెరుగుతుంది. యాభై నిండకుండానే బాత్రూంలో జారి ఆవిడ మణికట్టు విరిగింది. అంత చిన్న వయసులో తీస్తే హార్మోన్ మాత్రలు వాడాలా అని అడగాలని ఆవిడకి చెప్పినవాళ్లే లేరు, నాకు ఇప్పటికీ కోపం అదే.

ఇది మా ఒక్క ఇంటి గోడు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు, ఆంధ్రలో తొమ్మిది దాకా, తెలంగాణలో ఎనిమిది. అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

అందుకని రిపోర్టులు తీసుకుని ఇంకో గైనకాలజిస్టుకి చూపించండి, ఆ ఆసుపత్రికి సంబంధం లేనివాళ్లయితే మేలు. మాత్రలు, బ్లీడింగ్ తగ్గడానికి గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్, గడ్డ మాత్రమే తీయడం, వీటిలో నాకేది కుదురుతుంది అని అడగండి. వట్టి తెల్లబట్టకి, నడుంనొప్పికి మాత్రం ఒప్పుకోకండి. తప్పదంటే అండాశయాలు ఉంచుతారా, తీస్తే ఎందుకు అన్నది సంతకం పెట్టకముందే తేల్చుకోండి. ఉంచినా మెనోపాజ్, అంటే అండాశయాల పని ఆగిపోవడం, కాస్త ముందే రావచ్చు, కాబట్టి కాల్షియం, విటమిన్ డి, నడక వదలొద్దు.

ఇంట్లోవాళ్లకీ ముందే చెప్పి పెట్టండి, ఆరు వారాలు నీళ్ల బిందె, గ్యాస్ బండ ఏదీ ఎత్తకూడదని, పైన కుట్లు మానినంత తొందరగా లోపలివి మానవు.