నలుగురూ తప్పుగా పలుకుతారని తెలిసీ ఆ పేరు బిడ్డకు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. కాకపోతే ఆ తప్పు ఎలాంటిదో ముందే చూసుకోండి.

పలకడంలో తప్పు గురించి పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. రెండుసార్లు సరిచేస్తే ఎవరైనా నేర్చుకుంటారు. అసలు తలనొప్పి ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే. మనకు త, ట, థ, ఠ వేరువేరు అక్షరాలు. అక్కడ వాటన్నిటికీ ఒకే ‘టి’, పక్కన ‘హెచ్’ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ల, ళ తేడా అసలే కనపడదు. ‘ఋత్విక్’నే తీసుకోండి. ఋని మనం ‘రు’ అంటాం, హిందీవాళ్లు ‘రి’ అంటారు. మరి ఆర్ తర్వాత యు రాయాలా, ఐ రాయాలా? టి ఒక్కటేనా, హెచ్ కూడానా? చివర కె నా, సి నా? ఇక్కడికే ఎనిమిది స్పెల్లింగులు తేలాయి. ‘జ్ఞ’ ఉన్న పేర్ల సంగతి నేను ఎత్తను.

మనుషులు సర్దుకుంటారు గానీ కంప్యూటర్లు సర్దుకోవు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, స్కూల్ రికార్డులో ఇంకొకటి పడితే పాస్‌పోర్ట్ దగ్గర తిప్పలే. అందుకే ఏ స్పెల్లింగో ఇంట్లోనే తేల్చుకుని, మొదటి కాగితం నుంచీ అదే రాయించండి.

ఇంకో చిన్న పరీక్ష. పేరు ఇంగ్లీషులో రాసి, తెలియని ఇద్దరు ముగ్గురిచేత చదివించండి. తప్పుగా చదివినప్పుడు అది వెక్కిరింతలాగో, బూతులాగో వినిపిస్తే మానుకోండి. ఊరికే కాస్త వంకరగా వినిపిస్తే మాత్రం నచ్చిన పేరు వదులుకోనక్కర్లేదు.