తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీని పేల్చవచ్చునా?

ప్రశ్న: మాది పిఠాపురం దగ్గర పల్లె. నాలుగు నెలల క్రితం మా తాతగారు కాలం చేశారు. ఆయన బీరువాలో పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకీ ఉంది. లైసెన్సు ఆయన పేరు మీదే ఉంది. పైకి రెండు హ్యామర్లు కనిపిస్తాయి. గొట్టాల నిండా టేకు చెక్క చారల వంటి గోధుమరంగు మెలికలు, నడుమ పట్టీ మీద కలకత్తా మాంటన్ కంపెనీ పేరు ఉన్నాయి. ఏటా విజయదశమి నాడు ఆయుధపూజ అయ్యాక తాతగారు పెరట్లో రెండు తూటాలు పేల్చేవారు. ఈసారి ఆ పని నేను చేయాలని మా బాబాయి పట్టుబడుతున్నారు. పెట్టెలో మిగిలిన తూటాలు (70 మి.మీ. అని రాసి ఉంది) గొట్టంలో చక్కగా ఇమిడాయి. పేల్చవచ్చునా? వందేళ్లు దాటిన తుపాకీకి లైసెన్సు అక్కర్లేదనడం నిజమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తుపాకీ సంగతికి ముందు బీరువా సంగతి చూడాలి. లైసెన్సు మనిషికి ఇచ్చేదే గానీ ఇంటికి ఇచ్చేది కాదు. తాతగారు పోయాక ఆ తుపాకీని, తూటాలను ఇంట్లో ఉంచుకునే హక్కు లైసెన్సు లేని మీలో ఎవరికీ లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం వాటిని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి వద్ద గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. మీకు ఇప్పటికే నాలుగు నెలలు గడిచాయి కనుక ఒక న్యాయవాదిని సంప్రదించి, తుపాకీని సంచిలో వేసుకుని బయలుదేరకుండా, ముందు మరణ ధ్రువపత్రంతోనూ తాతగారి లైసెన్సు పుస్తకంతోనూ స్టేషనుకు వెళ్లి, వారు చెప్పిన పద్ధతిలో అప్పగించండి. ఆ తర్వాత 2016 ఆయుధాల నియమాల కింద వారసుడిగా మీరు దరఖాస్తు చేసుకోవచ్చు. మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసి ఇవ్వవలసి ఉంటుంది. 2019 సవరణ తర్వాత వారసత్వంగా వచ్చినవి కలిపినా ఒకరి వద్ద రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

వందేళ్ల మాట సగమే నిజం. చట్టం పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చింది గానీ, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉన్న వాటికే. మీది నిరుటి దసరా దాకా పేలిన తుపాకీ.

ఇక పేల్చడం గురించి. మీరు రాసిన మెలికల చారలను బట్టి అవి డమాస్కస్ గొట్టాలని అనిపిస్తోంది. ఇనుము, ఉక్కు బద్దలను మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కాల్చి అతికించి వీటిని చేసేవారు. ఎక్కువగా బెల్జియంలోని లియేజ్ ప్రాంతంలో తయారయ్యేవి. మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఊళ్లో తయారైన ఉక్కుతో ముడిపడిన డమాస్కస్ కత్తులు వేరు, ఇవి వేరు. పట్టీ మీది పేరు అమ్మిన దుకాణానిదే కావచ్చు, తయారుచేసిన చోటు వేరే కావచ్చు. ఈ గొట్టాలు చాలావరకు పొగ వచ్చే నల్ల తుపాకిమందు కాలానివి. అతుకుల మధ్య తుప్పు లోలోపల తిన్నా పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి. అందువల్ల తాతగారు ఇన్నేళ్లు పేల్చారు గదా అనేది హామీ కాదు.

అసలు చిక్కు తూటా ఇమడడంలో ఉంది. తూటా మీద రాసే 70 మి.మీ. అనేది పేలిన తర్వాత, మూతి మడత విప్పుకున్నప్పటి పొడవు. పేలని తూటా అంతకంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి, గొట్టం వెనుక తూటా కూర్చునే గది (ఛాంబర్) పాత కొలతలో రెండున్నర అంగుళాలే (సుమారు 64 మి.మీ.) ఉన్నా అందులో ఇమిడిపోతుంది. పేలినప్పుడు మాత్రం విప్పుకునే మూతికి చోటు చాలక గొట్టం సన్నబడే చోట అడ్డుపడుతుంది, వెనుక ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. గొట్టం పగిలితే ఆ ఒత్తిడి దాన్ని పట్టుకున్న మీ ఎడమచేతి మీదుగా పోతుంది. ఆ తూటాలను మళ్లీ గొట్టంలో పెట్టి చూడకండి.

వ్యాపారి వద్ద అప్పగిస్తే అనుభవమున్న తుపాకుల మిస్త్రీ చేత గొట్టాలు విప్పించి అడుగు భాగం చూపించండి. అక్కడ ‘నైట్రో ప్రూఫ్’ అనో ‘ఎన్‌పి’ అక్షరాలో ముద్రించి ఉంటే ఈనాటి తూటాల్లో వాడే పొగరాని మందుకు పరీక్షించారని అర్థం. అయితే అది ఆనాటి పరీక్ష, ఈనాటిది కాదు. గొట్టాలను వేలాడదీసి చెక్కతో తడితే గుడిగంటలా ఖంగుమనాలి. పగిలిన కుండలా మోగితే అతుకు వదిలిందనుకోవచ్చు. గది పొడవు, గొట్టం మందం పరికరంతో కొలవాలి, కంటి అంచనా పనికిరాదు. వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా పేల్చకూడదు. అన్నీ సరిపోయినా, ఆ గదికి తగిన పొట్టి, తక్కువ ఒత్తిడి తూటాలతో, లైసెన్సు మీ పేరున వచ్చాక, షూటింగ్ రేంజిలో మాత్రమే. నా మట్టుకు నేనైతే ఈ తుపాకీని పేల్చను.

పెరట్లో పేల్చే ఆనవాయితీని బాబాయిగారు వదులుకోవలసిందే. వేడుకల్లో ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చని 2019 సవరణ చెబుతోంది. లైసెన్సు వచ్చి తుపాకీ ఇంటికి చేరాక పూజలో పెట్టుకోండి. అయితే ఇత్తడి సామానులా చింతపండుతో మాత్రం తోమకండి. ఆ పులుపుకు గోధుమరంగు పూత పోయి మెలికల చారలు వెలిసిపోతాయి.