నలభై మందీ పక్కవాద్యం కావాలి

చి.సౌ. అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. మీ ఊరి ఆర్కెస్ట్రా కమిటీలో నిన్ను వేసుకున్నారనీ, వసంతకాలం కచేరీకి వచ్చే ఇద్దరు సోలోయిస్టుల (ఆర్కెస్ట్రా ముందు నిలబడి ప్రధానంగా వాయించేవాళ్ల) పని అంతా నీ నెత్తిన పెట్టారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మొజార్ట్ కె. 364 అట, అంటే ఆయన రచనల జాబితాలో ఆ నంబరుది. ఆవిడ నోట అది రైలు నంబరులా వినిపించింది గానీ, నాకు మాత్రం గుండె కాస్త గబగబా కొట్టుకుంది. వయొలిన్, దానికన్నా కాస్త పెద్దగా, మంద్రంగా ఉండే వయొలా, రెండూ సమానంగా ముందు నిలబడే రచన అది. 1779లో రాశాడు. వాయించేసరికి అరగంట పడుతుంది. న్యూజెర్సీలో ఇరవై రెండేళ్లుగా మా ఆర్కెస్ట్రాలో వయొలా వాయిస్తున్నాను కాబట్టి ఈ సంగతిలో నా మాట కొంచెం వినాలి.

ముందు డబ్బు మాట. మీ కమిటీలో ఎవరో ఒకరు పెద్ద పేరున్నవాళ్లను పిలుద్దామంటారు. వాళ్లు కచేరీ రోజు మధ్యాహ్నం వచ్చి ఒక్క రిహార్సల్ చేసి, రాత్రికి వాయించి వెళ్లిపోతారు. మీ దగ్గర వాయించేది పళ్ల డాక్టర్లు, టీచర్లు, కంప్యూటర్ ఉద్యోగులు. ఆ ఒక్క రిహార్సల్‌లో వాళ్లు అతిథిని చూసి బెదరడమే సరిపోతుంది. దగ్గర్లో యూనివర్సిటీలో పాఠం చెప్పే వాళ్లైనా సరే, రెండు మూడు రిహార్సళ్లకు వస్తామనే వాళ్లనే పిలువు. ఇంకో షరతు: ఆ ఇద్దరూ ఇంతకుముందు కలిసి వాయించినవాళ్లై ఉండాలి. ఇందులో కాడెంజాలు (ఆర్కెస్ట్రా ఆగిపోయి సోలోయిస్టులే వాయించే చోట్లు) మొజార్టే రాసిపెట్టాడు, ఇద్దరూ ఒకే ఊపిరితో వాయించాలి. విడివిడిగా ఎంత గొప్పవాళ్లైనా విమానం దిగి పరిచయం చేసుకుంటే కుదరదు.

ఇక అసలు సంగతి. విజయనగరం సంగీత కళాశాలలో నేను నేర్చుకున్నది కర్ణాటక వయొలిన్ అని నీకు తెలుసు. 1919లో మొదలైన కాలేజీ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన చోటు. కింద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి, గాయకుడి ఊపిరి చూస్తూ వాయించడం అక్కడ అబ్బింది. పాడేవాడు ఆగితే ఆ ఖాళీ నింపాలి, అందుకుంటే తగ్గాలి. ఈ దేశం వచ్చి ఆర్కెస్ట్రాలో చేరాక తెలిసింది, సోలోయిస్టులు ఉన్నప్పుడు ఇక్కడా అంతే. నలభై మందీ పక్కవాద్యం అయిపోవాలి. అయితే సింఫనీలకు అలవాటుపడ్డ చేతులు అంత తేలిగ్గా తగ్గవు.

మొదటి భాగంలోనే పరీక్ష పెట్టాడు మొజార్ట్. ఆర్కెస్ట్రా ట్రిల్స్‌తో (పక్కపక్క స్వరాల మధ్య వేగంగా ఊగడంతో) మెల్లగా మొదలై పెరిగి పెరిగి ఉధృతం అవుతుంది, తర్వాత సద్దుమణుగుతుంది. ఆ సద్దుమణగడంలోంచే ఇద్దరు సోలోయిస్టులూ పైన ఈ-ఫ్లాట్ స్వరం పట్టుకుని, పొగమంచులోంచి మనిషి వచ్చినట్టు బయటపడతారు. మీవాళ్లు ఒక్క క్షణం ఆలస్యంగా తగ్గితే ఆ ప్రవేశం ఎవరికీ వినపడదు. రిహార్సల్‌లో ఇంకేం చేసినా చేయకపోయినా ఈ చోటు పదిసార్లు చేయించమని మీ కండక్టర్‌ని అడుగు. అతిథులు రాకముందు సోలో భాగాలను మీ కాన్సర్ట్‌మాస్టర్ (వయొలిన్లవాళ్ల నాయకుడు), వయొలాల్లో ముందు కూర్చునేవాళ్లు వాయించాలి, తప్పులతోనైనా సరే. వినడానికి ముందు ఏదో ఒక గొంతు ఉండాలి కదా. సోలో నడుస్తున్నప్పుడు వెనక వరసల్లో కూర్చునేవాళ్లు ఆగిపోవాల్సి వస్తుంది. వాళ్లు చిన్నబుచ్చుకుంటారు, ముందే మర్యాదగా చెప్పు. గాలివాద్యాల్లో రెండు ఓబోలు, రెండు హార్న్‌లకు తప్ప ఇందులో పనిలేదు. ఫ్లూట్లు, ట్రంపెట్లవాళ్లు కూడా చందా కడుతున్నవాళ్లే, రెండో సగంలో వాళ్లకి తగిన సింఫనీ పెట్టండి. ఆర్కెస్ట్రా వయొలాలను మొజార్ట్ రెండు వరసలుగా చీల్చాడు, మనకేమో వయొలావాళ్లు ఎప్పుడూ కరువే. (వయొలిన్ వదిలి నేను ఇటు దూకింది కూడా ఆ కరువు చూసే.) ఇద్దరు ముగ్గుర్ని ఇప్పటినుంచే అరువు అడిగి ఉంచు.

వయొలా సోలోయిస్టుని ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగు: తీగలు అర మెట్టు పెంచి వాయిస్తారా, మామూలుగానేనా? మొజార్ట్ ఆ పార్టును డి మేజర్‌లో రాసి, తీగలన్నీ అర మెట్టు పెంచుకోమన్నాడు. మన భాషలో చెప్పాలంటే నాలుగు శ్రుతిని నాలుగున్నర చేసుకుని, అవే వేళ్లతో వాయించడం. ఆర్కెస్ట్రా ఈ-ఫ్లాట్‌లో కాస్త మబ్బుగా వినిపిస్తుంటే, ఆ ఒక్క వయొలాలో వేలు పెట్టని ఖాళీ తీగలు గలగలమంటాయి. ఇప్పుడు చాలామంది మామూలు శ్రుతిలోనే వాయిస్తారు. పెంచుతామంటే మాత్రం అందరూ శ్రుతి కలుపుకోవడానికి ఓబో ఇచ్చే ‘ఎ’ (A) స్వరం ఆ సోలోయిస్టుకి పనికిరాదు, బి-ఫ్లాట్ కూడా ఇవ్వాలి. ఈ సంగతి తెలియక మా కచేరీలో వేదిక మీద శ్రుతి సరిచేసుకోవడానికే నాలుగు నిమిషాలు పట్టింది, జనం దగ్గడం మొదలుపెట్టారు. తీగ తెగినా చిక్కే. 1986లో ఇక్కడి టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో పద్నాలుగేళ్ల వయొలిన్ సోలోయిస్టు మిడోరికి ఒకే కచేరీలో రెండుసార్లు తీగ తెగితే, రెండుసార్లూ ఆర్కెస్ట్రాలోవాళ్ల వయొలిన్ తీసుకుని ఆగకుండా పూర్తిచేసింది. అర మెట్టు పెంచిన వయొలాకి ఆ సదుపాయం లేదు, పక్కవాళ్లది తీసుకుంటే శ్రుతే వేరు. ఇంకొకటి అదే శ్రుతిలో పక్కన సిద్ధంగా ఉంచండి.

నిలబెట్టేటప్పుడు ఇద్దరినీ కండక్టరుకి ఎడమవైపే ఉంచండి. కుడివైపు నిలబడితే వయొలా ముఖం వెనక్కి తిరుగుతుంది, శబ్దం మీ ఆర్కెస్ట్రాకే వినిపిస్తుంది. పూలు, శాలువా, ఫొటోలు నీకు నేను చెప్పక్కర్లేదు. చెక్కు మాత్రం కచేరీ ముందే కవర్లో పెట్టి ఇచ్చేయ్, తర్వాత ఆ హడావిడిలో మర్చిపోతారు.

చివరిగా ఎడిషన్, అంటే ఎవరి అచ్చు ప్రతి అన్నది. మేము ఒకసారి పాత అచ్చు పార్టులు (ఒక్కో వాద్యానికి విడిగా ఉండే స్వరాల కాగితాలు) ఉచితంగా దింపుకున్నాం, సోలోయిస్టు కొత్త ఎడిషన్‌తో వచ్చాడు. పార్టుల్లో చోట్లకి గుర్తుగా అక్షరాలు వేస్తారు, ఆయన ‘డి నుంచి’ అంటే మేము వేరే చోట మొదలుపెట్టేవాళ్లం. అలా నలభై నిమిషాలు పోయాయి, ఆయన ముఖంలో ఓపిక తగ్గడం నేను వయొలాల వరసలోంచి చూస్తూనే ఉన్నాను. కాబట్టి వాళ్ల ఎడిషన్ ఏదో ఈ వారమే కనుక్కుని, అన్ని పార్టుల్లోనూ బార్ నంబర్లు పెన్సిల్‌తో వేయించు. పెద్ద పనే. వచ్చే నెల మీ ఇంటికి వస్తున్నాం కదా, నాలుగు పెన్సిళ్లు, ఒక మంచి రబ్బరు తెచ్చి పెట్టు, ఇద్దరం కూర్చుని వేద్దాం.

మామయ్య