లూథరన్లు ఏం నమ్ముతారు? విజయవాడ పెంతెకొస్తు వారి గుంటూరు అల్లుడి జవాబు

మీ చెల్లికి గుంటూరు సంబంధం కుదిరిందని, అబ్బాయి వాళ్లు లూథరన్లని, మీది ఒంగోలు బాప్టిస్టు కుటుంబమని రాశారు. "వీళ్లు అసలు ఏం నమ్ముతారు? పసిపిల్లల మీద నీళ్లు పోసి బాప్తిస్మం అంటారట, నిజమేనా? సగం కేథలిక్కులే అంటున్నారు మా బంధువులు" అని మీ ప్రశ్న. నేను గుంటూరులో పుట్టి పెరిగిన లూథరన్‌ని. మా ఆవిడది విజయవాడ, పెంతెకొస్తు కుటుంబం. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ మా ఇంట్లో పదిహేనేళ్ల క్రితమే నడిచింది. పాస్టర్‌ని కాను, బెంచీలో కూర్చునేవాడినే. ఆ మాత్రం దృష్టితోనే చదవండి.

పెళ్లిచూపులకి విజయవాడలోని పటమట వెళ్లాం. ఉద్యోగం గురించి, జీతం గురించి అడుగుతారని తయారై వెళ్లాను. కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, మా ఆవిడ పెదనాన్నగారు నా వైపు తిరిగి "బాబూ, నువ్వు ఎప్పుడు రక్షించబడ్డావు?" అన్నారు. వాళ్లింట్లో అందరికీ యేసుని నమ్ముకున్న తేదీ ఉంది. ఏ ఊరి కూటాల్లో, ఏ పాట పాడుతుండగా ఏడ్చారో కూడా చెప్పగలరు. నాకు తేదీ లేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ చర్చికి వెళ్తున్నాను, అంతే. నేను నీళ్లు నములుతుంటే మా నాన్న కలగజేసుకుని "మావాడికి మూడో నెలలోనే బాప్తిస్మం ఇప్పించామండీ" అన్నాడు. పసిపిల్లల బాప్తిస్మాన్ని వాళ్లు ఒప్పుకోరు, దాంతో వ్యవహారం ఇంకాస్త చెడింది.

ఆ రోజు నోటికి రాని జవాబు ఏంటంటే, లూథరన్ల లెక్కలో రక్షణ దగ్గర మనిషి చేసేదేమీ లేదు, పుచ్చుకోవడమే. "మీరు విశ్వాసము ద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే" అని ఎఫెసీ పత్రికలో ఉంది కదా, దాని మీదే మా ఇల్లంతా కట్టారు. మేమూ ఇదే చెబుతాం అంటారు మీరు. నిజమే, చెబుతారు. మావాళ్లు ఇంకో మెట్టు దిగుతారు. ఆ విశ్వాసం కూడా నేను గట్టిగా నిర్ణయించుకుని తెచ్చుకున్నది కాదు, అదీ ఇచ్చినదే అంటారు. తేదీ అడిగితే మేం తడబడేది ఇందుకే.

ఇది మాకు కన్ఫర్మేషన్ క్లాసుల్లో నేర్పుతారు, అంటే పసితనంలో బాప్తిస్మం పొందిన పిల్లలు పెద్దయ్యాక సంఘం ముందు తమ విశ్వాసం ఒప్పుకోవడానికి తయారయ్యే క్లాసులు. మాకు ఆ పేరొచ్చిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో ఒక చిన్న కేటకిజం, అంటే ప్రశ్నోత్తరాల పుస్తకం, రాశాడు, ఇంటి పెద్ద తన పిల్లలకి నేర్పుకోవడానికి వీలుగా. పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు భోజనం, వీటి మీద ప్రశ్నలూ జవాబులూ. ఒక్కో వాక్యం చెప్పాక "దీనికి అర్థమేమి?" అని అడుగుతుంది. మాకు చెప్పింది రిటైరైన ఎలిమెంటరీ మాస్టారు. ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటికే. అందరం ఇరుక్కునేది విశ్వాస ప్రమాణం మూడో భాగం దగ్గర. నా సొంత బుద్ధితో గాని బలంతో గాని యేసుక్రీస్తును నమ్మలేనని నేను నమ్ముతున్నాను, పరిశుద్ధాత్మే సువార్త ద్వారా నన్ను పిలిచాడు అని ఉంటుంది దాని భావం. నమ్మలేనని నమ్మడం ఏంట్రా అని పద్నాలుగేళ్ల వయసులో మా బెంచీ అంతా నవ్వుకునేది. పటమటలో ఆ కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు అది గుర్తొచ్చి ఉంటే బాగుండేది.

ఇది పట్టుకుంటే పసిపిల్లల విషయం తేలిగ్గానే తెలుస్తుంది. బాప్తిస్మం అంటే నమ్మినవాడు పదిమందిలో ఇచ్చే సాక్ష్యం అని మీరనుకుంటే, మూడు నెలల పిల్లాడికి ఇవ్వడం అర్థం లేని పనే. మేం దాన్ని దేవుడు మనిషికి ఇచ్చే మాటగా చూస్తాం. పిల్లాడు ఏమీ చేయలేడు, నిజమే. పెద్దవాడు మాత్రం ఏం చేయగలడు అంటారు మావాళ్లు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో నీళ్లు పోయడమే ముఖ్యం, ఎన్ని నీళ్లన్నది కాదు. ముంచితే తప్పని కూడా అనరు, అసలు లూథరే ముంచడం బాగుంటుందని రాశాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పసిపిల్లలకి ఇచ్చినట్టు సూటిగా చెప్పే వచనం కొత్త నిబంధనలో లేదు. ఇంటివారందరూ బాప్తిస్మం పొందారన్న వచనాలు, చిన్నబిడ్డలను నా దగ్గరికి రానివ్వండి అన్న యేసు మాట మావాళ్లు చూపిస్తారు. మా ఆవిడకి ఇవేవీ ఆనలేదు. ఆమెకి పద్దెనిమిదేళ్లప్పుడు కృష్ణలో ముంచి ఇచ్చారు. బాబు పుట్టాక నాలుగు నెలలు దీని మీదే మాట్లాడుకున్నాం, అందులో ఒక వారం అసలు మాట్లాడుకోలేదు.

చివరికి ఇప్పించాం. మా అత్తయ్యగారు వచ్చారు గానీ ఆఖరి బెంచీలో కూర్చున్నారు, ఫొటోకి ముందుకి రాలేదు. ఇంటికొచ్చాక పిల్లాడిని ఒళ్లోకి తీసుకుని కొంగుతో వాడి తల అదేపనిగా తుడుస్తున్నారు. ఏంటత్తయ్యా అంటే "జలుబు చేస్తుంది బాబూ" అన్నారు. "ఆ మూడు దోసిళ్లకి జలుబేంటి, మీరైతే మొత్తం ముంచేవాళ్లు కదా" అన్నాను. ఆవిడకి నవ్వాగలేదు. మా ఇంట్లో ఈ విషయం మీద వచ్చిన మొదటి నవ్వు అదే.

మీ చెల్లికి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆమెకి మీ సంఘంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని లూథరన్లు ఒప్పుకుంటారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ఒకసారి ఇస్తే మళ్లీ ఇవ్వరు. చిక్కు అవతలి వైపు నుంచి వస్తుంది. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ముంచుదాం అని మీవాళ్లు అంటే అక్కడివాళ్లకి అది మొదటి బాప్తిస్మాన్ని కొట్టేసినట్టే. పెళ్లికి ముందే మాట్లాడుకోవాల్సింది కట్నకానుకల గురించి కాదు, దీని గురించి.

ప్రభు భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారం దగ్గరా తేడా ఉంది. మీకది జ్ఞాపకార్థం చేసేది. మాకు రొట్టె రొట్టెగానే ఉంటుంది, ద్రాక్షారసం ద్రాక్షారసంగానే ఉంటుంది, అయినా వాటిలో, వాటితో, వాటి కింద క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉన్నాయంటాం. రొట్టె మారిపోతుందని కేథలిక్కుల్లా చెప్పం. 1529లోనే జర్మనీలోని మార్బర్గ్ కోటలో లూథరుకీ స్విస్ సంస్కర్త జ్వింగ్లీకీ దీని మీద వాదన జరిగింది. లూథరు బల్ల మీద సుద్దముక్కతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసుకుని, ఆ మాట దగ్గర్నుంచి కదల్లేదు. ఎలా ఉంటాడు అని అడిగితే మావాళ్ల దగ్గర లెక్క లేదు, ఉన్నానన్నాడు కాబట్టి ఉన్నాడు అంటారు.

నాకు ఈ సిద్ధాంతం అనగానే మా నాయనమ్మ చేతులు గుర్తొస్తాయి. మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఎంత కడిగినా ఆ ఘాటు వేళ్లకి ఉండేది, మమ్మల్ని ముట్టుకుంటే మండేది. సంస్కారం ఇచ్చే ఆదివారం నాడు బలిపీఠం ముందు మోకరించి, చేతులు చీర చెంగుకి మళ్లీ మళ్లీ తుడుచుకుని, దోసిలి పట్టేది. అయ్యగారు, అంటే మా పాస్టర్, ఆ దోసిట్లో పల్చటి రొట్టె పెడుతూ "నీ కొరకు" అనేవారు. ఆమెకి చదువు రాదు. ఆ రెండు మాటలకి మాత్రం ప్రతిసారీ తలూపేది, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు. ఆ "నీ కొరకు" అన్న మాటని నమ్మితే చాలు, భోజనానికి తగినవాడివే అని కేటకిజంలోనూ ఉంది.

సగం కేథలిక్కులు అన్నదానికి వస్తే, చూడ్డానికి అలాగే ఉంటాం, అందులో మీ బంధువుల తప్పేం లేదు. అయ్యగారి అంగీ, పుస్తకం చూసి చదివే ఆరాధన క్రమం, లేవడం, కూర్చోవడం, క్రిస్మస్ ముందు ఆగమన కాలం, ఈస్టరు ముందు లెంట్, మట్టలాదివారం అన్నీ ఉంటాయి. మీ చెల్లికి మొదటి నాలుగు వారాలు నిద్రొస్తుంది, చెప్పి పంపండి. కానీ పోపు లేడు, సంస్కారాలు ఏడు కాదు, బాప్తిస్మం, ప్రభు భోజనం రెండే, అయ్యగార్లు పెళ్లి చేసుకుంటారు. మరియమ్మని గౌరవిస్తాం, ఆమెకి ప్రార్థన చేయం. అలాగని ఫిబ్రవరిలో మరియమ్మ ఉత్సవానికి విజయవాడ గుణదల కొండ ఎక్కే లూథరన్లు లేరా అంటే, నాకు తెలిసినవాళ్లే ఇద్దరున్నారు. ఇంకో చిన్న తిరకాసు, పది ఆజ్ఞల నంబర్లు. మేం కేథలిక్కుల లెక్కే వాడతాం. మాకు "నరహత్య చేయకూడదు" అయిదోది, మీకు ఆరోది. మా ఇంట్లో ఏడో ఆజ్ఞ అంటే నాకు దొంగతనం, మా ఆవిడకి వ్యభిచారం. ఒకసారి బంధువుల మధ్య ఎవరి గురించో చెబుతూ "ఏడో ఆజ్ఞ కేసు" అన్నాను, పాపం ఆయన మీద లేనిపోని పుకారు పుట్టింది.

అంతా కృపే అయితే ఇష్టమొచ్చినట్టు బతకొచ్చా అని మా మామగారు చాలాసార్లు అడిగారు. దానికి మావాళ్లు చెప్పేది, క్రియలు రక్షణకి ధర కాదు, రక్షణకి కాసిన కాయలు అని. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడ ఆడవాళ్లకి వైద్యం చేస్తూ, ఆసుపత్రి కట్టించి, 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూసింది. పరలోకంలో సీటు కోసం చేసింది కాదు కదా. ఇంకోపక్క, నేను పాపం మానేశాను అని లూథరన్ ఎవరూ అనడు. ఒకే మనిషి ఒకేసారి నీతిమంతుడు, పాపి కూడా. అందుకే మా ఆరాధన పాపపు ఒప్పుకోలుతో మొదలవుతుంది, ప్రతి వారం, అయ్యగారితో సహా. ఇది మా ఆవిడకి కూడా నచ్చిన భాగం. సాక్ష్యాల్లో అందరూ గెలిచిన కథలే చెబుతారు, ఓడినవాళ్లు ఎక్కడికి పోవాలి అంటుంది.

నిజానికి మన తాతలు ఈ తేడాలు చదివి సంఘాలు ఎంచుకున్నవాళ్లు కారు. 1842 జూలై 31న అమెరికా నుంచి లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చాడు, కలెక్టర్ స్టోక్స్ ఆదరించాడు, కాబట్టి మేం లూథరన్లం. 1927లో గుంటూరు, రాజమండ్రి మిషన్లు కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అయింది. మీ వైపు అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, కాబట్టి మీరు బాప్టిస్టులు. మా తాత ఊరు ఇంకాస్త దక్షిణాన ఉండుంటే ఇప్పుడు ఈ ప్రశ్న నేను అడిగేవాడినేమో.

మావాడికి పన్నెండేళ్లు. పైవారం నుంచి కన్ఫర్మేషన్ క్లాసులు. ఇప్పట్నుంచే చదువుతూ విశ్వాస ప్రమాణం మూడో భాగం దగ్గర వాడూ ఇరుక్కున్నాడు, వాళ్లమ్మ పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకుంటోంది.

అన్నట్టు, పెళ్లి తేదీ రాయలేదు మీరు. మీకు లెంట్ పట్టింపు ఉండదు గానీ, ఈస్టరు ముందు ఆ నలభై రోజులూ లూథరన్ చర్చిల్లో సాధారణంగా పెళ్లిళ్లు పెట్టరు. హాలుకి అడ్వాన్సు కట్టే ముందే అబ్బాయి వాళ్ల అయ్యగారిని కనుక్కోండి.