మాండెల్‌స్టామ్ జీవితమూ కవిత్వమూ ఒకటేనని ఎందుకంటారు?

రష్యన్ కవి ఒసిప్ మాండెల్‌స్టామ్ 1933లో స్టాలిన్ మీద పదహారు పాదాల కవిత కట్టాడు. మన మాటలు పది అడుగుల అవతలికి వినిపించవన్నది అందులో మొదట్లోనే వచ్చే భావం. నమ్మకస్తులైన కొద్దిమందికే చదివి వినిపించాడు. అయినా పోలీసుల చెవిన పడింది. 1934 మే నెలలో అరెస్టు చేశారు. అంటే, కవితలో చెప్పిన భయమే కవి ఇంటికి వచ్చింది.

దేశంలోనే దూరంగా, వొరోనెజ్ పట్టణానికి, శిక్షగా పంపేశారు. అక్కడ గొప్ప కవితలు రాశాడు. ప్రాణభయంతో 1937లో స్టాలిన్‌ను పొగుడుతూనూ రాశాడు. అతన్ని వీరుడిగా మాత్రమే చూసేవారు ఈ సంగతి దాటేస్తారు. అదీ కాపాడలేదు. 1938 డిసెంబరులో వ్లాదివొస్తోక్ దగ్గరి నిర్బంధ శిబిరంలో చనిపోయాడు. కాగితం ప్రమాదం కాబట్టి భార్య నదేజ్దా అతని కవితలను ఏళ్ల తరబడి కంఠస్థంగా దాచుకుంది.