నీ పరిచయంలో ఏం రాయాలంటే

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. తెలుగు వికీపీడియాలో భాషాదోషాలు దిద్దాలని ఖాతా తెరిచావని, వాడుకరి పేజీలో నీ గురించి ఏం రాసుకోవాలో తోచక వారం నుంచి ఖాళీగా వదిలేశావని మీ అమ్మ చెప్పింది. దానికి టెన్షన్ ఎందుకమ్మా? పదేళ్లుగా అదే పని చేస్తున్నవాణ్ణి, నాకు తెలిసింది చెబుతాను.

చదువూ ఉద్యోగమూ ఒక్క వాక్యంలో తేల్చెయ్. "వ్యాకరణంలో దిట్టను" అని మాత్రం రాయకు. అర్ధరాత్రి దాకా కూర్చుని వ్యాసం రాసినవాళ్లకు దిద్దేవాళ్లంటే ముందే బెరుకు. వాళ్లకు కావలసింది నువ్వేం దిద్దుతావో, దేని జోలికి పోవో తెలియడం. "సరదాగా, తీరిక దొరికినప్పుడు దిద్దుతాను. 'ఉచ్ఛారణ' కనిపిస్తే 'ఉచ్చారణ' చేస్తాను. 'నిర్మించబడింది' లాంటి అనువాదపు వాక్యాలను 'నిర్మించారు' అని మారుస్తాను. విషయం మార్చను. నేను పొరబడితే నా చర్చ పేజీలో చెప్పండి." ఇంతే చాలు. 'అర్ధం', 'అర్థం' సంగతి కూడా రాయవచ్చు కానీ, సగం అనే మాటకు 'అర్ధం' సరైనదే కాబట్టి చూసి దిద్దాలి.

మాండలికం ముట్టుకోనని తప్పకుండా రాయి. మొదటి ఏడాది నేనొక జానపద కళాకారుడి వ్యాసంలో, ఆయన అన్న మాటల్లోనే 'పోయిండు'ను 'పోయాడు' చేశాను. "ఆయన అలా అనలేదండీ" అని ఒక్క ముక్క రాశారు ఆ వ్యాసం రాసినావిడ. వెంటనే వెనక్కి మార్చి క్షమాపణ అడిగాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధే. పాత పుస్తకాలను స్కాన్ చూసి టైపు చేసి ఉంచే వికీసోర్స్‌లో దిద్దినా అంతే. అచ్చులో అరసున్న, బండి ఱ ఉంటే అలాగే ఉంచాలి. అక్కడ మన పని స్కాన్‌లో ఉన్నది ఉన్నట్టు దింపడమే.

ఫోన్ నంబరు, ఇంటి చిరునామా పెట్టకు. తర్వాత తీసేసినా పేజీ చరిత్రలో పాత కూర్పు కనిపిస్తూనే ఉంటుంది.

రాశాక లింకు పంపు. ఆదివారం మన ఊరి వ్యాసంతో మొదలుపెడదాం. 2011 జనగణన లెక్కల మధ్య ఇంకా చాలా 'కలదు'లు, 'యొక్క'లు మిగిలే ఉన్నాయి.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న